వంటిల్లు, పొలిమేర, పెరటి మడి: సరిహద్దు పిల్లల వేసవి చదువు

ఏప్రిల్ నెలలో పరీక్షలు ముగిసి బడులు మూతపడగానే తల్లిదండ్రులకు ఒకటే ఆలోచన మొదలవుతుంది. జూన్ వరకు ఈ పిల్లలను ఎలా కుదురుగా ఉంచాలి? కొందరు ట్యూషనుకు పంపుతారు. కొందరు టీవీకో, సెల్‌ఫోనుకో అప్పగిస్తారు. ఎండలో తిరగకుండా ఇంటిపట్టున ఉంటే చాలునని సరిపెట్టుకుంటారు. అయితే పొరుగు రాష్ట్రాలలో తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు ఈ సెలవులు ఇంతకంటె విలువైనవి. పిల్లలు పగలంతా ఇంటివారి మధ్య, ఇంటి భాషలో గడపగల రోజులు సంవత్సరం మొత్తంలో ఇవే.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు, 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు, 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు, 1960లో తిరుత్తణి ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో చేరినప్పుడు సరిహద్దు రేఖలు మన ఊళ్ళ పక్కగా, కొన్నిచోట్ల మన పొలాల మధ్యగా సాగినవి. ఊళ్ళు కదలలేదు, బడి భాష మాత్రం మారినది. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు ఏర్పాట్లు ఉండాలని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం చెబుతున్నది. అయినను తెలుగు బడి ప్రతి ఊరికీ లేదు. తమిళనాడు 2006లోను, కర్ణాటక 2015లోను చేసిన చట్టాలతో ఆయా రాష్ట్ర భాషలు బడులలో తప్పనిసరి అయినవి. రాష్ట్ర భాష బాగుగా నేర్చుకోవడం మన పిల్లలకు మేలే. ఉద్యోగానికైనా, ఊరిలో మర్యాదకైనా అది కావాలి. దిగులు పడవలసిన విషయం వేరొకటి ఉన్నది.

మన పిల్లలు తెలుగు మాట్లాడుతున్నారు, కాని వారి తెలుగులో మాటలు తగ్గిపోతున్నవి. "అన్నం పెట్టు", "నీళ్ళు తే", "ఎక్కడికి పోతున్నావు" అన్నంత వరకు తడుముకోరు. చెట్టు పేరు, పురుగు పేరు, మట్టి రకం, కాయ ముదిరిన తీరు చెప్పవలసి వచ్చినప్పుడు బడి భాషలోని మాటనో, ఇంగ్లీషు మాటనో వాడుతారు. వారికి తెలుగు రాక కాదు. ఆ మాట వాడే పని ఇంటిలో వారు ఎన్నడూ చేయలేదు. నారు పోసినవాడికే 'నారు' అన్న మాట కావాలి. పందిరి వేసినవాడికే 'నులితీగ' కనబడుతుంది. పని పోయిన చోట మాట కూడా పోతుంది. అందుచేత ఈ సెలవులలో పిల్లలకు తెలుగు నేర్పదలచినవారు పుస్తకంతో కాక పనితో మొదలుపెట్టడం మంచిది. వంటింట్లో ఒకటి, ఊరి పొలిమేరలో ఒకటి, పెరట్లో ఒకటి, మూడు పనులు ఇక్కడ వివరిస్తున్నాను.

వంటింట్లో: రాగి బిస్కెట్లు

రాగులు మన సరిహద్దులన్నిటికీ ఉమ్మడి ధాన్యం. కోలారులో, హోసూరులో ముద్ద లేని ఇల్లు అరుదు. కోరాపుట్ కొండలలోనూ అదే పంట. పేర్లే వేరు. తెలుగులో రాగులు, తెలంగాణలో తైదలు, ఉత్తరాంధ్రలో చోళ్ళు, కన్నడంలో రాగి, తమిళంలో కేళ్వరగు, ఒడియాలో మాండియా, మరాఠీలో నాచణి. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ఎదిగే పిల్లల ఎముకలకు ఇది బలం. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన తరువాత పట్నాలలో రాగి బిస్కెట్లకు గిరాకీ పెరిగినది. వాటిని ఇంటిలోనే చేసుకోవచ్చు, ఓవెన్ అక్కరలేదు.

కొలత పిల్లలకు గుర్తుండేటట్లు నాలుగు సమపాళ్ళు: రాగిపిండి 100 గ్రాములు, గోధుమపిండి 100 గ్రాములు, తురిమిన బెల్లం 100 గ్రాములు, వెన్న 100 గ్రాములు. వీటికి తోడు చిటికెడు ఉప్పు, చిటికెడు వంటసోడా, రెండు చెంచాల పెరుగు, కొంచెం ఏలకుల పొడి. రాగిపిండిని సన్నని సెగపై పచ్చివాసన పోయేదాకా వేయించి చల్లార్చాలి. వెన్న, బెల్లం బాగా కలిపి, పిండ్లు చేర్చి, పెరుగుతో ముద్ద చేయాలి. పొడిపొడిగా ఉంటే ఒకటి రెండు చెంచాల పాలు చిలకరించవచ్చు. నిమ్మకాయంత ఉండలు చేసి, అరచేతితో అదిమి, నెయ్యి రాసిన పళ్ళెంలో ఎడంగా పేర్చాలి.

ఇక పొయ్యి. మందపాటి పాత గిన్నె అడుగున అంగుళం మందాన ఇసుకగాని, కల్లుప్పుగాని పోసి, దానిపై చిన్న స్టాండు ఉంచి, మూతపెట్టి పది నిమిషాలు వేడెక్కనివ్వాలి. తరువాత పళ్ళెం లోపల పెట్టి సన్నని సెగపై 20 నుండి 25 నిమిషాలు కాల్చాలి. కుక్కరు గిన్నెను వాడేవారు రబ్బరు, వెయిట్ రెండూ తీసివేయాలి. నీరు పోయని కుక్కరును బిగించి పొయ్యిమీద పెట్టడం ప్రమాదం. పొయ్యి దగ్గర పని పెద్దలదే. కొలవడం, కలపడం, ఉండలు చేయడం పిల్లలకు వదిలివేయాలి.

పిల్లలు అడిగే ప్రశ్నలకు జవాబులు కూడా తెలిసి ఉండాలి. ఇసుక ఎందుకు? మంట వేడి ఒకేచోట తగలకుండా ఇసుక దానిని పట్టి, గిన్నె అంతటా నిలకడగా పంచుతుంది. సోడా, పెరుగు ఎందుకు? పెరుగులోని పులుపు సోడాతో కలిస్తే బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడ్, పుడుతుంది. ఆ బుడగలే పిండిని గుల్ల చేస్తాయి. ఇడ్లీ పిండి పొంగడం కూడా ఇటువంటిదే, అక్కడ వాయువును సూక్ష్మజీవులు పుట్టిస్తాయి. గోధుమపిండి ఎందుకు కలపాలి? రాగులలో గోధుమలో ఉన్నట్టి సాగే జిగురు లేదు. వట్టి రాగిపిండితో చేస్తే బిస్కెట్లు విరిగి పొడి అవుతాయి. పొయ్యి మీది నుండి దించగానే మెత్తగా ఉన్నవని మళ్ళీ కాల్చకూడదు. చల్లారితే వాటంతట అవే గట్టిపడతాయి.

ఈ పని నడుమనే మాటల పాఠం కూడా సాగాలి. మన 'వెన్న' కన్నడంలో 'బెణ్ణె', తమిళంలో 'వెణ్ణెయ్'. మన 'వేప' కన్నడంలో 'బేవు', తమిళంలో 'వేంబు'. తెలుగు, తమిళాలలో 'వ' ఉన్న చోట కన్నడంలో 'బ' పలుకుతున్నదని పిల్లవాడు ఈ రెండు మాటలతోనే పసిగట్టగలడు. 'బెల్లం' దగ్గర మాత్రం తెలుగు కన్నడం పక్షాన చేరింది. కన్నడంలో 'బెల్ల', తమిళంలో 'వెల్లం'. అక్కచెల్లెళ్ళ పోలికలవలె ఇవి ఒకచోట కలిసి, ఒకచోట విడిపోతాయి.

పొయ్యి లేని వంట ఒకటి మన అవ్వలు ఎప్పటినుండో చేస్తున్నారు. వడియాలు, అప్పడాలు, మామిడి తాండ్ర, అన్నిటికీ ఎండే సెగ. కృష్ణగిరి, శ్రీనివాసపురం వైపు మేలో మామిడి పండ్లు చౌక. పండిన రసాన్ని నెయ్యి రాసిన పళ్ళెంలో పలుచగా పరచి, ఎండిన తరువాత మరునాడు దానిపై మరొక పొర పోస్తూ పోతే నాలుగైదు రోజులలో తాండ్ర సిద్ధమవుతుంది. నీరు ఇంకిపోయి తీపి చిక్కబడడం చేత క్రిములు పెరగలేవు, అందుకే అది నెలల తరబడి నిలువ ఉంటుంది. ఈ పనికి పెత్తనం అవ్వకే ఇవ్వండి. ఆమె ఆజ్ఞలన్నీ తెలుగులోనే ఉంటాయి.

పొలిమేరలో: ఉదయపు నడక

వారానికి రెండుసార్లు, ఉదయం ఆరు గంటలకు బయలుదేరి ఎనిమిదింటికి ఇల్లు చేరేటట్లు పిల్లలను ఊరి బయటకు తీసుకొని వెళ్ళండి. తలకు గుడ్డ, చేతిలో నీళ్ళ సీసా, జేబులో చిన్న పుస్తకం చాలు. పదకొండు నుండి మూడు వరకు ఎండలో తిప్పవద్దు.

ఈ నడకకు ఒక ఆట జతచేయవచ్చు. ప్రతి రాష్ట్రానికి ఒక అధికారిక వృక్షం ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌కు వేప, తెలంగాణకు జమ్మి, తమిళనాడుకు తాటి, ఒడిశాకు రావి, మహారాష్ట్రకు మామిడి, కర్ణాటకకు శ్రీగంధం, యానాం భాగమైన పుదుచ్చేరికి మారేడు. వీటిలో ఎన్ని మన పొలిమేరలోనే ఉన్నవో లెక్కించమనండి. గంధపు చెట్టు తప్ప తక్కినవి చాలా ఊళ్ళలో దొరుకుతాయి. పక్షులతోనూ ఇదే ఆట. పాలపిట్ట తెలంగాణకు, కర్ణాటకకు, ఒడిశాకు, మూడింటికీ రాష్ట్ర పక్షి. 2018 నుండి ఆంధ్రప్రదేశ్‌కు రామచిలుక. పుదుచ్చేరికి కోయిల. తీగపై కూర్చున్న పాలపిట్టకు తానే రాష్ట్రపు పక్షినో తెలియదు. మన ఊళ్ళు ఎప్పటినుండి ఇలా కలగలసి ఉన్నవో చెప్పడానికి ఇంతకంటె తేలిక పాఠం లేదు.

వేసవిలో చెరువు తగ్గి అడుగు బయటపడుతుంది. నెర్రెలు విచ్చిన ఒండ్రు, గట్టు, తూము, అలుగు, ఇవన్నీ ఆగి చూపండి. నిండు చెరువులో ఇవి కనబడవు. నీరు పొలానికి వదిలే దారి తూము. నిండిన నీరు పొర్లిపోయే దారి అలుగు. చెరువు తెగకుండా కాపాడేది అలుగే. తీతువు పిట్ట ఈ రోజులలో వట్టి నేలమీద గులకరాళ్ళ మధ్య గుడ్లు పెడుతుంది. గుడ్లు కూడా రాళ్ళవలె మచ్చలతో ఉంటాయి. ఆ పిట్ట అరుస్తూ తలపై చుట్టూ తిరిగితే గూడు దగ్గరలో ఉన్నదని అర్థం. అక్కడ అడుగు చూసి వేయాలి, గుడ్లను తాకకూడదు.

'చెరువు' అన్న మాటను చెరువు గట్టుపైనే వివరించండి. కన్నడంలో అది 'కెరె'. మన 'చెవి' వారికి 'కివి', మన 'చేయి' వారికి 'కై'. కన్నడంలో 'క' ఉన్న చోట, దాని తరువాత ఇ, ఎ స్వరాలు వచ్చినప్పుడు, చాలా మాటలలో తెలుగున 'చ' వచ్చినది. తమిళంలో చెరువును 'ఏరి' అంటారు. కన్నడంలో 'ఏరి' అంటే చెరువు గట్టు. తెలుగులో 'ఏరు' అంటే పారే నీరు. ఇంచుమించు ఒకే పలుకుబడి, మూడు అర్థాలు. మూడు భాషలు వినే మన పిల్లలకే ఈ వింత దక్కుతుంది.

జాగ్రత్తలు తప్పనిసరి. వేసవిలో చెరువు గుంతలలో, రాతి క్వారీలలో నిలిచిన నీటిలో దిగి మునిగిపోయే పిల్లల వార్తలు ఏటా చదువుతున్నాము. పైకి మోకాటి లోతు కనబడినా లోపల నిట్టనిలువు గుంత ఉండవచ్చు. ఈత నేర్పాలంటే పెద్దవారు పక్కన ఉండి, లోతు తెలిసిన చోటనే నేర్పాలి. హోసూరు, డెంకణికోట, కుప్పం అడవుల అంచున ఉన్నవారు తెల్లవారుజామున అడవి దారి పట్టవద్దు. ఏనుగులు పొలాలకు వచ్చి మరలిపోయే వేళ అది.

పెరట్లో: ఒక మడి

పది అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గల స్థలం చాలు. లేనివారు పాత బకెట్లు, గోనె సంచులు వాడవచ్చు. నేల తవ్వి, రెండు గంపల మాగిన పశువుల ఎరువు కలిపి, మడి కట్టాలి. పచ్చి పేడ వేయకూడదు, అది మాగేటప్పుడు పుట్టే వేడికి మొలకలు మాడిపోతాయి.

వేసవికి తట్టుకునేవి బెండ, గోరుచిక్కుడు, గోంగూర, తోటకూర, బీర, కాకర. బెండ గింజలను రాత్రి నానబెట్టి, మూరెడు ఎడం గల సాళ్ళలో అడుగుకు ఒకటి చొప్పున, వేలి కణుపు లోతున నాటాలి. నాలుగు నుండి ఏడు రోజులలో మొలకెత్తుతాయి. 45 నుండి 50 రోజులలో తొలి కాయ కోయవచ్చు. ఏప్రిల్ మధ్యలో నాటితే బడి తెరిచే నాటికి కూర సిద్ధం. పిల్లలకు అన్నాళ్ళు ఓపిక ఉండదు కనుక పక్కనే తోటకూర చల్లండి. గింజలు నలుసులంత ఉంటాయి, గుప్పెడు ఇసుకతో కలిపి చల్లితే సమంగా పడతాయి. 25 నుండి 30 రోజులలో అది కోతకు వస్తుంది.

నీరు సాయంత్రం పోయాలి. పగలు పోస్తే ఎండకు ఆవిరైపోతుంది, రాత్రి అయితే వేళ్ళకు అందుతుంది. బియ్యం, కూరగాయలు కడిగిన నీరు పారబోయక మడికి పోయండి. మొక్కల మొదళ్ళలో ఎండుటాకులు పరిస్తే తడి నిలుస్తుంది. పురుగు కనబడితే 50 గ్రాముల వేపగింజల పొడిని లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కొంచెం సబ్బునీరు కలిపి సాయంత్రం చల్లాలి.

బీర పాదు పిల్లలకు మంచి గురువు. ఒకే తీగకు రెండు రకాల పూలు పూస్తాయి. వెనుక చిన్న పిందె ఉన్నది ఆడపువ్వు, వట్టి కాడ ఉన్నది మగపువ్వు. బీర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. తేనెటీగలు, ఇతర పురుగులు రాని చోట మగపువ్వు కోసి, దాని పుప్పొడిని ఆడపువ్వు నడుమ అద్దితే పిందె నిలుస్తుంది. ఎండలు ముదిరితే మగపూలే ఎక్కువ పూస్తాయి, తీగ గొడ్డుపోయిందని పీకివేయవద్దు.

బీరను కన్నడంలో 'హీరె', తమిళంలో 'పీర్క్కు' అంటారు. కానుగ చెట్టు కన్నడంలో 'హొంగె', తమిళంలో 'పుంగ'. పాలు 'హాలు', పువ్వు 'హూవు', పండు 'హణ్ణు'. పాత కన్నడంలో ఈ మాటలకు మొదట 'ప' ఉండేది, కాలక్రమేణ అది 'హ' అయినది. కన్నడ బడిలో చదివే పిల్లవాడికి ఈ ఒక్క సూత్రం చెబితే పది తెలుగు మాటలు తానే పోల్చుకుంటాడు. ఒడియా, మరాఠీ బడులలో చదివేవారికి బెండకాయ దగ్గర నుండి మొదలుపెట్టవచ్చు. ఒడియాలో 'భెండి', మరాఠీలో 'భేండీ'.

పోలికలతో పాటు, తెలుగు మాటల వరుస కూడా చేతికి అందాలి. విత్తు, మొలక, నారు, మొక్క, మొగ్గ, పూత, పిందె, లేతకాయ, ముదురుకాయ, దోరపండు, పండు. బడి పుస్తకంలో వీటిని ఒకే పాఠంలో వల్లె వేయిస్తే నాలుగు రోజులలో మరచిపోతారు. ఏభై రోజులు ఒక్కొక్క దశను కన్నులారా చూస్తే మరచిపోరు.

రెండు గళ్ళ పుస్తకం

ఈ మూడు పనులకు కలిపి ఒక నోటుబుక్కు పెట్టించండి. పుట నడుమ గీత గీసి, ఎడమవైపు తెలుగు మాట తెలుగు లిపిలో, కుడివైపు బడి భాష మాట ఆ లిపిలో రాయించాలి. కింద ఒక వాక్యం చాలు. "ఈ రోజు బెండ మొలిచింది" అన్నా చాలు.

తెలుగు లిపి రాని పిల్లలు బెదరనక్కరలేదు. కన్నడం చదివేవారికి అక్షరాలలో ఎక్కువభాగం చూడగానే తెలుస్తాయి. క, త, శ వంటి కొన్నిటి రూపాలు, తలకట్టు తీరు ప్రత్యేకంగా నేర్పితే కొద్ది వారాలలో కూడబలుక్కుంటారు. తమిళం చదివేవారికి కొంచెం ఎక్కువ శ్రమ. తమిళంలో క, గ లకు ఒకే అక్షరం. తెలుగులో క, ఖ, గ, ఘ వేరువేరు. కనుక ముందు క-గ, చ-జ, ట-డ, త-ద, ప-బ జంటలు నేర్పి, ఒత్తక్షరాలు తరువాత చెప్పాలి. ఒడియా, మరాఠీ చదివేవారికి ఈ ధ్వనులన్నీ తెలిసినవే, అక్షర రూపాలు నేర్చుకుంటే సరిపోతుంది. దేనికైనా రోజుకు అరగంట మించనక్కరలేదు.

ఒక్క మనవి. పిల్లవాడు తెలుగు మాట బదులు బడి మాట వాడినప్పుడు నవ్వవద్దు, కసరవద్దు. "దానిని మన ఇంట్లో ఏమంటాము?" అని అడగండి. తెలియకపోతే అవ్వను అడిగి రమ్మనండి. అవ్వ చెప్పిన మాట పుస్తకంలోని మాటకు వేరుగా ఉండవచ్చు. మన ప్రాంతపు తెలుగులో తరతరాల పలుకుబడి ఉన్నది. అదీ రాయండి, దానిని తప్పని కొట్టివేయవద్దు. ఆ తరం వెళ్ళిపోతే ఆ మాటలు అడిగి తెలుసుకోవడానికి ఇంకెవరూ ఉండరు.

రోజుకు రెండు మాటల చొప్పున రాసినా నలభై రోజులలో ఎనభై మాటలు అవుతాయి. అవి ఎప్పుడు, ఎక్కడ, ఎవరి నోట విన్నదీ ఆ పిల్లవాడికి గుర్తుంటుంది. బెండ మొక్కలలో బలమైన దానికి తొలి కాయలు రెండు కోయక వదిలివేయండి. అవి మొక్కపైనే ఎండి పగులుతాయి. ఆ గింజలను బూడిదలో కలిపి చిన్న సీసాలో దాచి, వచ్చే ఏప్రిల్‌లో అదే పిల్లవాడి చేత నాటించండి. ఈసారి గింజ ఎంత లోతున నాటాలో, ఎప్పుడు మొలుస్తుందో అతడే తమ్ముడికో చెల్లెలికో తెలుగులో చెప్పగలడు.